స్థానిక టెలివిజన్‌కు ప్రాంతీయ ఎమ్మీ పురస్కారాలు: నిర్ణయ విధానం, విశ్వసనీయత

వ్యాససంగ్రహం: అమెరికాలో స్థానిక టెలివిజన్ కార్యక్రమాలకు ఇచ్చే ప్రాంతీయ ఎమ్మీ పురస్కారాల పుట్టుకను, పరిధిని, నిర్ణయ విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పరిమితమైన వృత్తిసమాజంలో నిష్పాక్షికతను కాపాడటానికి ఆ విధానం ఎన్నుకున్న మార్గాలను పరిశీలించి, తెలుగు టెలివిజన్‌కు వాటి ప్రాసంగికతను చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎమ్మీ, స్థానిక ప్రసారాలు, న్యాయనిర్ణయం, నంది బహుమతులు, తెలుగు టెలివిజన్.

1. ఉపోద్ఘాతం

ఎమ్మీ అనగానే ఎక్కువమందికి హాలీవుడ్ నటీనటులు పాల్గొనే జాతీయ వేడుక స్ఫురిస్తుంది. అదే పేరుతో అమెరికాలోని వివిధ ప్రాంతాల ప్రసారకేంద్రాలకు కూడా ఏటా పురస్కారాలు అందుతున్నాయి. నగర వార్తలు, పరిశోధనాత్మక కథనాలు, డాక్యుమెంటరీలు, వాతావరణ సమాచారం, స్థానిక క్రీడలు, ఛాయాగ్రహణం, కూర్పు మొదలైనవి వీటి విభాగాలు. జాతీయస్థాయిలో ఎవరి కంటా పడని శ్రమకు గుర్తింపునివ్వడం వీటి ప్రయోజనం.

అయితే స్థానిక పురస్కారానికి ఒక సహజమైన చిక్కు ఉంది. ఒక నగరంలో నాలుగైదు వార్తాకేంద్రాలే ఉన్నప్పుడు అక్కడి పాత్రికేయులు, ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు ఒకరినొకరు ఎరిగినవారే. నిన్నటి సహోద్యోగి నేడు పోటీదారు. రేపు పై అధికారి కావచ్చు. అటువంటి చోట ఎవరి కృషిని ఎవరు తూచాలన్నదే ప్రధాన సమస్య.

2. స్థానికంగా మొదలైన ఎమ్మీ

నేటి జాతీయ ఎమ్మీ కూడా మొదట స్థానిక పురస్కారమే. 1946లో లాస్ ఏంజెలెస్‌లో టెలివిజన్ అకాడమీ ఏర్పడింది. 1949 జనవరి 25న హాలీవుడ్ అథ్లెటిక్ క్లబ్‌లో జరిగిన తొలి ప్రదానోత్సవంలో ఆ నగర పరిసరాల్లో ప్రసారమైన కార్యక్రమాలనే పరిగణించారు. తొలి పురస్కారాన్ని బొమ్మతో మాట్లాడించే యువ కళాకారిణి షర్లీ డిన్స్‌డేల్ అందుకొన్నారు. ఆనాటి కెమెరాల్లో వాడిన ఇమేజ్ ఆర్థికాన్ గొట్టానికి సాంకేతిక నిపుణులు పెట్టుకొన్న ముద్దుపేరు ‘ఇమ్మీ’. అదే ‘ఎమ్మీ’గా మారింది. రెక్కలున్న స్త్రీ పరమాణువును ఎత్తిపట్టుకొన్న ప్రతిమలో రెక్కలు కళకు, పరమాణువు విజ్ఞానానికి సంకేతాలు.

1955లో న్యూయార్క్‌లో జాతీయ అకాడమీ ఏర్పడింది. 1977లో రెండు సంస్థలూ విడిపోయాయి. ప్రైమ్‌టైమ్ పురస్కారాలు లాస్ ఏంజెలెస్ అకాడమీకి, వార్తలు, క్రీడలు, పగటి కార్యక్రమాలతోపాటు ప్రాంతీయ పురస్కారాలు న్యూయార్క్ అకాడమీకి దక్కాయి. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు పురస్కారాలు మాత్రం అక్కడి అకాడమీ చేతిలోనే ఉన్నాయి.

3. ‘స్థానికం’ అంటే ఏమిటి?

జాతీయ అకాడమీకి దేశమంతటా ప్రాంతీయ శాఖలున్నాయి. ఒక్కొక్క శాఖ కింద కొన్ని ప్రసార విపణులు ఉంటాయి. కార్యక్రమం ప్రధానంగా స్థానిక లేదా ప్రాంతీయ ప్రేక్షకుల కోసం రూపొందినదై ఉండాలి. దేశంలో సగానికి పైగా ఇళ్ళకు చేరే ప్రసారాలు జాతీయ పోటీల పరిధిలోకి వెళతాయి. అంటే ఇక్కడ స్థానికతను నిర్ణయించేది భాష కాదు, ప్రసారం చేరే భూభాగం. ఆంగ్లంతోపాటు స్పానిష్ కార్యక్రమాలూ వీటిలో పాల్గొంటాయి.

4. నిర్ణయ విధానం

ప్రాంతీయ ఎమ్మీల విశ్వసనీయతకు మూడు నియమాలు ఆధారంగా ఉన్నాయి.

మొదటిది, ఒక శాఖకు వచ్చిన ప్రవేశాలను ఇతర శాఖల్లోని వృత్తినిపుణులు పరిశీలిస్తారు. తీర్పు చెప్పేవారు ఆ వృత్తి తెలిసినవారే అయినా ఆ ఊరివారు కారు. ప్రవేశంతో సంబంధమున్నవారు తీర్పు నుండి తప్పుకోవాలి.

రెండవది, కార్యక్రమాలను ఒకదానితో ఒకటి పోల్చరు. ప్రతిదానినీ విషయం, సృజనాత్మకత, నిర్వహణ అనే అంశాల్లో విడిగా అంచనా వేసి మార్కులు వేస్తారు. ఛాయాగ్రహణం, కూర్పు వంటి నైపుణ్య విభాగాల్లో విషయాన్ని వదిలి, మిగిలిన రెండింటినే చూస్తారు.

మూడవది, నిర్దేశిత ప్రమాణాన్ని అందుకొన్న వాటికే పురస్కారం దక్కుతుంది. అందువల్ల ఒక విభాగంలో ఒకరికి, పలువురికి, లేదా ఎవరికీ రాకపోవచ్చు. ‘ఉన్నవాటిలో మేలైనది’ అన్న వెసులుబాటు ఇక్కడ లేదు. బలహీనమైన సంవత్సరంలో విభాగం ఖాళీగా మిగలవచ్చుననే నియమమే మిగిలిన సంవత్సరాల పురస్కారాలకు బరువునిస్తుంది.

5. పరిమితులు

ఈ విధానానికి లోపాలూ ఉన్నాయి. ప్రవేశానికి రుసుము చెల్లించాలి. చిన్న కేంద్రాలకు, స్వతంత్ర నిర్మాతలకు అది భారమే. విభాగాలు అనేకం కావడం, ఒకే విభాగంలో పలువురికి పురస్కారాలు రావడం వల్ల వాటి విలువ పలుచబడుతుందనే విమర్శ ఉంది. పైగా దూరప్రాంతపు నిపుణునికి చిత్రీకరణ నాణ్యత తెలుస్తుంది గాని, ఒక కథనం ఆ ఊరి జీవితంలో తెచ్చిన మార్పు అంతగా తెలియదు. నిష్పాక్షికత కోసం ఈ విధానం చెల్లించే మూల్యం ఇదే.

6. తెలుగు సందర్భం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1995 నుండి ప్రైవేటు తెలుగు చానళ్ళు వచ్చాయి. 1964లో చలనచిత్రాల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది బహుమతులు తరువాతి కాలంలో టెలివిజన్‌కూ, నాటకరంగానికీ విస్తరించాయి. వాటి ఎంపిక ప్రభుత్వం నియమించిన న్యాయనిర్ణేతల సంఘాలది. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆ క్రమం తప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలను ప్రదానం చేసింది.

ఇక్కడ రెండు భేదాలు గమనించదగినవి. అమెరికాలో స్థానికత ప్రసార భూభాగాన్ని బట్టి ఏర్పడగా, తెలుగులో అది భాషను బట్టి ఏర్పడింది. అక్కడ పురస్కారం వృత్తిసంఘం చేతిలో ఉండగా, నంది ప్రభుత్వ నిర్ణయంపై ఆధారపడింది. ప్రభుత్వాల ప్రాధాన్యం మారితే పురస్కారం ఆగుతుంది. దానితోపాటు ఒక కాలపు మంచి కార్యక్రమాల జాబితా కూడా నమోదు కాకుండా పోతుంది. చలనచిత్రంతో పోలిస్తే టెలివిజన్‌కు ఈ నష్టం ఎక్కువ. సినిమా పునఃప్రదర్శనల్లో బతుకుతుంది. ఒకనాటి వార్తాకథనం ప్రసారంతోనే మరుగున పడుతుంది.

ఇతర శాఖల నిపుణుల చేత తీర్పు చెప్పించే పద్ధతి తెలుగుకు అసాధ్యం కాదు. ఒకే భాష గల రెండు రాష్ట్రాలు ఒకరి కార్యక్రమాలను మరొకరు పరిశీలించే వీలుంది. అయితే చానళ్ళలో అధికభాగం హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్నందువల్ల రాష్ట్రాల సరిహద్దు ఒక్కటే తగినంత దూరాన్ని కల్పించలేదు. బెంగళూరు, చెన్నై నగరాల్లోనూ విదేశాల్లోనూ ఉన్న తెలుగు ప్రసారనిపుణులను చేర్చుకొంటే ఆ లోటు కొంత తీరుతుంది.

7. ముగింపు

పరిచయాల మధ్య పనిచేసే వృత్తిసమాజంలో తీర్పును బయటివారికి అప్పగించడం, పోలిక స్థానంలో ప్రమాణాన్ని నిలపడం, అర్హత లేనప్పుడు పురస్కారాన్ని ఇవ్వకపోవడం ప్రాంతీయ ఎమ్మీల ప్రధాన లక్షణాలు. తెలుగు టెలివిజన్‌కు మళ్ళీ ఒక పురస్కార వ్యవస్థను రూపొందించదలచినవారు ప్రతిమ, పేరు, వేదికలకన్నా ముందు ఈ మూడింటిని ఆలోచించవలసి ఉంటుంది.