లేని మనుషులు – అనుమతి పత్రాలు

నవల మొదటి పుటలలోను, చలనచిత్రం ప్రారంభంలోను తరచుగా ఒక ప్రకటన కనబడుతుంది. ఇందులోని పాత్రలు కేవలం కల్పితాలనీ, జీవించి ఉన్నవారితో గాని మరణించినవారితో గాని వాటికి సంబంధం లేదనీ దాని సారాంశం. మనం దానిని చదివీ చదవకుండా దాటిపోతాం. కాని ఎవరి జీవితాన్నీ తెచ్చి అంగడిలో పెట్టలేదని రచయిత పాఠకునికి ఇస్తున్న మాట అది. నేడు అదే మాటను కలం పట్టనివారు, కెమెరా పట్టనివారు కూడ ఇవ్వవలసి వస్తున్నది. కృత్రిమ మేధతో మనుషుల చిత్రాలు సృష్టించి అమ్మేవారిని గురించి మేము చెబుతున్నాము. మన విద్యార్థులలో కూడ ఈ పనితో చేతి ఖర్చులు సంపాదించవలెనని ఉత్సాహపడేవారు ఉన్నారు గనుక, ఇందులోని అనుమతుల సంగతి వివరించుట అవసరమని తోచినది.

ముందుగా స్టాక్ చిత్రం అనగా ఏమో చూద్దాం. ఒక బ్యాంకు ప్రకటనకు నవ్వుతున్న వృద్ధ దంపతులు కావలెను. ఒక ఆసుపత్రి కరపత్రానికి తల పట్టుకొని కూర్చున్న స్త్రీ కావలెను. ప్రతిసారీ మనుషులను పిలిచి ఫొటో తీయించుట ఖర్చుతో కూడిన పని. అందుచేత ముందే సిద్ధపరచిన చిత్రాల భాండారాలు ఏర్పడినవి. అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్, గెట్టీ ఇమేజెస్ అట్టి వాటిలో ప్రసిద్ధమైనవి. కొనేవారు రుసుము చెల్లించి చిత్రాన్ని వాడుకుంటారు. చిత్రం ఇచ్చినవారికి అందులో కొంత భాగం ముడుతుంది. అయితే ఆ చిత్రం రేపు ఏ వస్తువు పక్కన, ఏ రోగం పేరు కింద అచ్చవుతుందో ఇచ్చినవారికి గాని, చిత్రంలోని మనిషికి గాని ముందుగా తెలియదు.

అందువలననే ఈ భాండారాలు అనుమతి పత్రం అడుగుతాయి. దీనినే మోడల్ రిలీజ్ అంటారు. నా ముఖం గల ఈ చిత్రాన్ని వ్యాపారానికి వాడుకొనవచ్చునని చిత్రంలోని వ్యక్తి సంతకం చేసి ఇచ్చే పత్రం అది. మైనరు అయితే తల్లి గాని తండ్రి గాని సంరక్షకుడు గాని సంతకం చేయవలెను. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. ఫొటో తీసినది నేనే గనుక సర్వహక్కులూ నావే అనుకుంటారు. ఫొటోపై కాపీరైటు తీసినవారిది కావచ్చును గాని, ముఖం ముఖం గలవారిదే. ఈ రెండు హక్కులు వేరువేరు.

ఈ నియమం ఊరక పుట్టలేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఒక యువతి చిత్రాన్ని ఆమెకు తెలియకుండ ఒక పిండి కంపెనీ ప్రకటనపై ముద్రించారు. సుమారు 25,000 ప్రతులు దుకాణాలలోను, బహిరంగ ప్రదేశాలలోను వెలసినవి. తెలిసినవారు గుర్తుపట్టి ఎగతాళి చేయగా ఆమె మనోవ్యథతో మంచం పట్టినది. న్యాయస్థానానికి వెళ్లినది. 1902లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు కాగా, ఆమెకు అట్టి హక్కు చట్టంలో లేదని తీర్పు చెప్పినది. ప్రజలు ఆ తీర్పును గర్హించారు. మరుసటి సంవత్సరం, 1903లో, వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండ ఎవరి పేరునుగాని రూపాన్నిగాని ప్రకటనలకు వాడరాదని ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసినది. నేటి అనుమతి పత్రం వెనుక ఆమె కన్నీరు కలదు.

మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, నటుడు అనిల్ కపూర్ పేరును, రూపాన్ని, కంఠస్వరాన్ని అనుమతి లేకుండ వ్యాపారానికి వాడరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. కృత్రిమ మేధ ద్వారా వాడుటకు కూడ ఆ ఉత్తర్వు వర్తిస్తుంది. ఇది పేరున్నవారి సంగతి మాత్రమే అనుకొనరాదు. 2021 జూలైలోను, 2022 జనవరిలోను మన దేశంలోని ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను వారికి తెలియకుండ తీసుకొని, వారిని వేలం వేస్తున్నట్లు చూపిన రెండు యాప్‌లు వెలువడినవి. అనుమతి లేకుండ ముఖాన్ని వాడుకొనుట ఎంతటి గాయమో మన ఇండ్లలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చిత్రంలోని మనిషి పుట్టనే లేదు. యంత్రం కల్పించినది. లేని మనిషి సంతకం ఎవరు చేస్తారు? ఈ విషయంలో భాండారాలన్నీ ఒకే దారిలో లేవు. గెట్టీ ఇమేజెస్ 2022 సెప్టెంబరులో ఇట్టి చిత్రాల స్వీకరణను నిలిపివేసినది. షట్టర్‌స్టాక్ కూడ బయటి చిత్రకారుల నుండి వీటిని తీసుకొనదు. అడోబ్ స్టాక్ మాత్రం 2022 డిసెంబరులో షరతులు ప్రకటించి అంగీకరించినది. చిత్రం కృత్రిమ మేధతో చేసినదని తెలుపవలెను. అందులోని మనుషులు, ఆస్తులు కల్పితమైతే ఆ సంగతి తెలిపే గడిలో టిక్కు పెట్టవలెను. అప్పుడు అనుమతి పత్రం అవసరం లేదు.

ఇది విని పని సులువైనదని సంతోషించరాదు. పత్రం తొలగిపోయినది గాని, బాధ్యత తొలగిపోలేదు. అది సంతకం చేసే మనిషి చేతి నుండి టిక్కు పెట్టే మనిషి చేతికి మారినది.

ఉదాహరణకు, ఒక విద్యార్థి తన మేనత్త కూతురి పెండ్లి ఫొటోను యంత్రానికి ఇచ్చి, చీర రంగు మార్చి, వెనుక తోటను చేర్చి కొత్త చిత్రం చేసినాడనుకొందాం. చూచినవారు ఆమెను గుర్తుపట్టగలిగితే ఆమె కల్పితం కాదు. ఆమె సంతకం గల పత్రం ఉండితీరవలెను. ఆ పెండ్లి ఫొటో తీసినవారి హక్కు కూడ అందులో ఉన్నది. అట్లే ఒక నటి పేరు చెప్పి ఆమె వంటి ముఖం కావలెనని యంత్రాన్ని అడుగుటయు తగదు. ప్రసిద్ధుల పేర్లను, చిత్రకారుల పేర్లను యంత్రానికిచ్చే ఆదేశంలో గాని, చిత్ర శీర్షికలో గాని వాడరాదని అడోబ్ నియమం. గుర్తింపదగిన కట్టడాలకు, కంపెనీల చిహ్నాలకు, ఇతరుల కళాఖండాలకు కూడ జాగ్రత్త అవసరం. గడిలోని మాట మనుషులకే కాక ఆస్తులకు కూడ వర్తిస్తుంది.

మరొక చిక్కు కలదు. యంత్రం ముఖాలను శూన్యం నుండి తీయదు. 2018లో ఎన్‌విడియా సంస్థ పరిశోధకులు ముఖాలు కల్పించే యంత్రానికి శిక్షణ ఇచ్చుటకు ఫ్లికర్ నుండి సేకరించిన 70,000 ముఖచిత్రాలను ఉపయోగించారు. అవి నిజమైన మనుషుల ముఖాలే. సాధారణంగా యంత్రం వాటినుండి పోలికలు నేర్చి కొత్త ముఖం అల్లుతుంది. కాని ఒక్కొక్కప్పుడు బట్టీ పట్టిన విద్యార్థి వలె చూచినదానినే ఒప్పజెబుతుంది. 2023లో ప్రకటితమైన ఒక పరిశోధనలో స్టేబుల్ డిఫ్యూజన్ అనే యంత్రం నుండి సుమారు వంద శిక్షణ చిత్రాలు దాదాపు ఉన్నవి ఉన్నట్లుగా బయటపడినవి. వానిలో ఒక స్త్రీ ముఖం కూడ ఉన్నది. ఆమె పేరు ఇవ్వగానే యంత్రం ఆమె ఫొటోనే తిరిగి ఇచ్చినది. ఇట్టి సంఘటనలు అరుదు. అయినను యంత్రం ఇచ్చినది గనుక కల్పితమే అని కండ్లు మూసుకొని చెప్పుట సాహసమని ఇందువలన తెలుస్తున్నది.

కావున ఈ పనికి పూనుకొనేవారు కొన్ని జాగ్రత్తలు పాటించవలెను. ఎవరి ఫొటోనూ ఆధారంగా ఇవ్వరాదు. ఇచ్చినచో అనుమతి పత్రం తీసుకొనవలెను. ఎవరి పేరునూ వాడరాదు. యంత్రానికి ఇచ్చిన ఆదేశాన్ని, తేదీని వ్రాసి ఉంచుకొనవలెను. వచ్చిన ముఖం ఎవరినైనా పోలి ఉన్నదని అనుమానం కలిగితే ఆ చిత్రాన్ని వదలుకొనవలెను. ఒక చిత్రంపై వచ్చే ఆదాయం కంటె ఒక కుటుంబం పరువు ఎక్కువ.

ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట కలదు. నమ్మి మన వద్ద ఉంచినదానిని చెడకుండ అప్పగించవలెనని దాని భావం. మనిషి ముఖం కూడ అట్టి అమానతే. చిన్న గడిలో మనం పెట్టే టిక్కు ఒక సాక్ష్యం. ఈ మనిషి లోకంలో లేడని కోర్టు బోనులో నిలిచినంత నిజాయితీతో చెప్పగలిగినప్పుడే ఆ గడిని తాకవలెను. అట్లు చెప్పలేనప్పుడు, ఆ ముఖం గలవారిని వెదకి అనుమతి అడుగుట, లేదా ఆ చిత్రాన్ని మానుకొనుట, ఈ రెండే మనకు మిగిలిన మార్గాలు.