జెట్ ట్రక్: ఉరికించడం కాదు, ఆపడమే అసలు ఇంజనీరింగ్

డ్రాగ్ రేసు పికప్‌లో ఇంజిన్ పవర్ గేర్‌బాక్స్ దాటి టైర్లకి చేరాలి. టైరు జారిందా, పవరంతా పొగే! అందుకే కొందరు పాత విమానాల జెట్ ఇంజిన్ తెచ్చి వెనక బిగిస్తారు. అది వేడి గాలిని వెనక్కి చిమ్ముతుంది, బండి ముందుకి దూసుకుపోతుంది. చక్రాలు ఊరికే దొర్లుతాయంతే.

పికప్ కన్నా పెద్ద ఉదాహరణ, అమెరికాలోని షాక్‌వేవ్ ట్రక్కు. మూడు వెస్టింగ్‌హౌస్ జె34 ఇంజిన్లు, గంటకి 376 మైళ్లు. అంటే దాదాపు 605 కిలోమీటర్లు!

మరి ఆపేదెలా? మామూలు బండిలో యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే కొంత పట్టి ఆపుతుంది. ఇక్కడ చక్రాలకి ఇంజిన్‌తో లింకే లేదు కాబట్టి ఆ సాయం సున్నా. పైగా వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. అందుకే వెనక పారాచూట్లు తప్పనిసరి.

2022 జూలై 2న మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ ఎయిర్ షోలో షాక్‌వేవ్ నడుపుతూ క్రిస్ డార్నెల్ చనిపోయారు. ట్రక్కులో మెకానికల్ ఫెయిల్యూర్ అని ఆయన తండ్రి చెప్పారు. అనుభవమున్న టీమ్‌కే ఇలా జరిగింది. కాబట్టి ఇలాంటి బండి డిజైన్ మొదలుపెట్టాల్సింది ఇంజిన్ దగ్గర కాదు, ఆగే చోట.