రెండు చోట్ల దాచిన ఫైలు ఎట్లా మాయమయింది?

క్రిందటి సంవత్సరం మే 14 గిర్మిట్ దినానికి ఏర్పాట్లు చేసుకొంటూ మేము సంఘం కంప్యూటరు తెరిచాము. పెద్దల మాటలను రికార్డు చేసి దాచిన ఫోల్డరులో పదకొండు ఫైళ్ళు కనబడలేదు. శాక్రమెంటోలోని గదిలో లేవు. హేవార్డ్‌లోని వారికి టెలిఫోను చేస్తే అక్కడా లేవన్నారు. "రెండు చోట్లా దాచుకొన్నాం కదా, రెండు చోట్లా ఎట్లా పోతాయి?" అని అందరిదీ ఒకటే ప్రశ్న.

ఆ పదకొండింటిలో ఒకటి, ఇప్పుడు మన మధ్య లేని ఒక ముసలమ్మగారి గొంతు. ఆమె తండ్రి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీకి వచ్చిన మనిషి. ఆయన ఎమిగ్రేషన్ పాసులో జిల్లా, తాలూకా, గ్రామం అన్నీ ఉన్నవి. కాని గ్రామం పేరును గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో వ్రాశాడు. ఆ స్పెల్లింగుతో వెదికితే ఏ పటంలోనూ ఆ ఊరు దొరకదు. ఆమె మాత్రం తన తండ్రి పలికినట్టుగానే ఆ పేరు పలికింది. అంటే ఆ ఫైలు పోతే పోయేది ఒక రికార్డు మాత్రమే కాదు, ఒక కుటుంబానికి తన ఊరు పోతుంది.

కనుక ఇటువంటి ఏర్పాటు ఎట్లా పని చేస్తుంది, అందులో ఫైలు ఎందుకు కనబడకుండా పోతుంది, ఏ వరుసలో వెదకాలి అన్నది తెలిసినంతవరకు ఇక్కడ చెప్పుకొందాం. మనవారి సంఘాలు ఎన్నో ఇప్పుడు ఇట్లాగే రెండు మూడు చోట్ల ఫైళ్ళు దాచుకొంటున్నవి.

ప్రతుల ఏర్పాటు అంటే ఏమిటి

ఒకే ఫైలుకు వేరు వేరు యంత్రాలలో ప్రతులు ఉంచి, ఒక చోట మార్పు జరిగితే మిగిలిన చోట్ల కూడా అదే మార్పు దానంతట అది జరిగేటట్టు చేయడాన్ని రెప్లికేషన్ అంటారు. ఈ ఆలోచన పెరిగింది అమెరికాలోనే. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980ల మొదట్లో ఐ.బి.ఎం. సహాయంతో ఆండ్రూ అనే ఏర్పాటు మొదలయింది. అక్కడే 1987లో మహాదేవ్ సత్యనారాయణన్ గారి ఆధ్వర్యాన కోడా అనే ఏర్పాటు వచ్చింది. తీగ తెగిపోయినా ఎవరి యంత్రం మీద వారు పని చేసుకోవచ్చు, మళ్ళీ కలిసినప్పుడు లెక్కలు సరిచూసుకోవచ్చు అన్నది దాని విశేషం. 2003లో గూగుల్ వారు తమ ఏర్పాటును ప్రకటించారు. అందులో ప్రతి ముక్కకూ మూడు ప్రతులు. హడూప్ అనే ఏర్పాటు కూడా ఆ దారినే నడిచింది. చిన్న కార్యాలయాలకు మైక్రోసాఫ్ట్ వారి డి.ఎఫ్.ఎస్. రెప్లికేషన్ ఉంది. మేము వాడుతున్నది అదే.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. రెప్లికేషన్ ఇనుప పెట్టె వంటిది కాదు, అద్దం వంటిది. ముఖాన బొట్టు పెట్టుకొంటే అద్దంలోనూ బొట్టు కనబడుతుంది. తుడుచుకొంటే అద్దంలోనూ పోతుంది. ఒక చోట ఫైలు తీసివేస్తే, ఆ తీసివేత కూడా నమ్మకంగా రెండో చోటికి వెళుతుంది. యంత్రం తప్పు చేయలేదు, చెప్పినదే చేసింది.

ఫైలు మాయమయ్యే దారులు

మొదటి దారి, ఎవరో తీసివేయడం. తెలిసి తీసినా, తెలియక తీసినా యంత్రానికి ఒకటే. అయితే ఆ తీసివేత కబురు అందుకొన్న రెండో సర్వరు ఫైలును వెంటనే పారవేయదు. డి.ఎఫ్.ఎస్.ఆర్. ప్రైవేట్ అనే దాగిన ఫోల్డరులోపల, కాన్‌ఫ్లిక్ట్ అండ్ డిలీటెడ్ అనే అరలో వేస్తుంది. మొదట తీసివేసిన సర్వరులో మాత్రం ఈ అరలో అది ఉండదు. కాబట్టి అక్కడ వెదికి, లేదని నిరాశ పడకూడదు. రెండో చోట చూడాలి. ఈ అరకు కొలత ఉంది. మామూలుగా 4 గిగాబైట్లు. అది నిండవస్తే పాతవాటిని తీసివేస్తూ పోతుంది. ఆలస్యం చేసినవాడికి ఏమీ మిగలదు.

రెండో దారి, ఇద్దరు ఒకే ఫైలును ఒకే సమయంలో దిద్దడం. శాక్రమెంటోలో ఒకరు పేర్ల జాబితా దిద్దుతారు, అదే సమయాన హేవార్డ్‌లో మరొకరు దిద్దుతారు. యంత్రానికి ఎవరిది మంచిదో తెలియదు. చివర దిద్దినవాడి మాటే నెగ్గుతుంది. ఓడిన ప్రతి పైన చెప్పిన అరలోకే పోతుంది. "నేను వ్రాసినది ఏమయింది?" అని అడిగేవారి ఫైలు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మూడో దారి, ఫైలు బయలుదేరకపోవడం. పేరు అలగీతతో మొదలయ్యే ఫైళ్ళనూ, టి.ఎం.పి., బి.ఎ.కె. అనే తోకలున్న ఫైళ్ళనూ ఈ ఏర్పాటు తనంతట తాను పంపదు. తాత్కాలికం అనే గుర్తు ఉన్నవాటినీ పంపదు. ఎవరో తెరిచి మూయకుండా పట్టుకొన్న ఫైలు మూసేవరకు కదలదు. పెద్ద ఫైళ్ళు బయలుదేరే ముందు స్టేజింగ్ అనే చోట ఆగి వెళతాయి. అది రేవులో డిపో వంటిది. డిపో ఇరుకైతే మనుషులు ఎట్లా నిలిచిపోయేవారో ఫైళ్ళూ అట్లాగే నిలిచిపోతాయి. ఫోల్డరులోని ముప్పయి రెండు పెద్ద ఫైళ్ళ మొత్తానికి తగ్గకుండా ఆ చోటు ఉంచమని సలహా. వీడియోలు దాచుకొనే సంఘాలు ఇది తప్పక చూసుకోవాలి.

నాలుగో దారి, చాలాకాలం ఎడబాటు. ఒక ఫైలు తీసివేస్తే యంత్రం దాని పేరున ఒక సమాధిరాయి నాటుతుంది. "ఇది పోయింది, మళ్ళీ తీసుకురావద్దు" అని తక్కిన సర్వర్లకు చెప్పడానికి. ఆ రాయి 60 రోజులు ఉంటుంది. ఊళ్ళో లేని బంధువు ఆ గడువు దాటి వస్తే అతనికి చావు కబురు తెలియదు. పోయినవారు ఉన్నారనుకొని మాట్లాడతాడు. సర్వరు కూడా అంతే, పోయిన ఫైళ్ళను మళ్ళీ తెచ్చి అందరికీ పంచుతుంది. అందుకనే కొత్త వర్షన్లు, 60 రోజులకు మించి విడిపోయిన సర్వరును కలవనివ్వకుండా ఆపివేస్తాయి. ఆగినట్టు ఎవరూ గమనించకపోతే, అటు చేసిన పనీ ఇటు చేసిన పనీ వేరు వేరుగా పెరుగుతుంది. కాలిఫోర్నియాలో అడవి మంటల భయంతో కరెంటు ఆపే రోజులలో సర్వరు ఉన్నపాటున ఆరిపోతుంది. అప్పుడు కూడా కొన్ని వర్షన్లు, మనిషి వచ్చి సరే అనేవరకు పని మొదలుపెట్టవు.

అయిదో దారి, మొదటి కలయిక. రెండు సర్వర్లను కొత్తగా కలిపేటప్పుడు ఒకదానిని ప్రధానమని చెప్పాలి. దానిలో ఉన్నదే సత్యమని యంత్రం నమ్ముతుంది. రెండో దానిలో మాత్రమే ఉన్న ఫైళ్ళను ప్రీ ఎగ్జిస్టింగ్ అనే మరొక దాగిన అరలోకి నెట్టివేస్తుంది. ఈ అయిదో దారి సంగతి మళ్ళీ చెబుతాము.

వెదికే వరుస

ఫైలు కనబడలేదనగానే మొదట చేతులు కట్టుకోవాలి. కొత్త ఫైళ్ళు వేయకూడదు. అంతా తీసివేసి మళ్ళీ పెడదామని తొందరపడకూడదు. తొందరలో చేసిన పనులే మిగిలిన ప్రతిని కూడా చెరుపుతాయి. ఒక కాగితం మీద ఫైలు పేరు, చివర చూసినది ఎవరు, ఏ రోజు అన్నది వ్రాసుకోవాలి.

తరువాత ఒక్కొక్క సర్వరును దాని సొంత పేరుతో తెరిచి చూడాలి. అందరికీ కలిపి పెట్టిన పేరుతో వెళితే, యంత్రం మనను ఏ సర్వరు దగ్గరకు తీసుకుపోయిందో మనకు తెలియదు. ఇటు లేని ఫైలు అటు ఉండవచ్చు.

మూడో పని, ఫోల్డరులన్నిటిలో పేరుతో వెదకడం. చెయ్యి జారి ఒక ఫోల్డరును మరొక దానిలోకి లాగడం మనం అనుకొనేదానికంటె ఎక్కువ జరుగుతుంది.

నాలుగో పని, పంపవలసినవి ఎన్ని మిగిలి ఉన్నవో చూడడం. దీన్ని బ్యాక్‌లాగ్ అంటారు. ఆ సంఖ్య పెరుగుతూనే ఉంటే దారి మూసుకొని ఉందని అర్థం. అయిదో పని, యంత్రం వ్రాసుకొన్న డైరీ చదవడం. ఈవెంట్ లాగ్‌లో డి.ఎఫ్.ఎస్. రెప్లికేషన్ పేరున ఒక భాగం ఉంటుంది. 4012 అనే సంఖ్య కనబడితే ఎడబాటు గడువు దాటిందని, 2213 కనబడితే సర్వరు హఠాత్తుగా ఆరిపోయి మన అనుమతికి ఎదురుచూస్తున్నదని తెలుసుకోవాలి.

ఆరో పని, దాగిన అరలు రెండూ, రెండు సర్వర్లలోనూ చూడడం. అక్కడ ఫైళ్ళ పేర్లు మారి ఉండవచ్చు. కాని అసలు పేరు, అసలు చోటు చెప్పే పట్టిక ఒకటి పక్కనే ఉంటుంది. దాన్ని చెరపరాదు. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి, ఆ పట్టికను చూసి ఫైళ్ళను తిరిగి వాటి చోట పెట్టే ఆజ్ఞ కూడా ఇచ్చారు. అన్నీ అయినా దొరకకపోతే అప్పుడు బ్యాకప్పు.

పెద్ద ఏర్పాట్లలోనూ ఆలోచన ఇదే. హడూప్‌లో పేర్లు ఒక యంత్రం దగ్గర, ముక్కలు వేరే యంత్రాల దగ్గర ఉంటాయి. బడిలో హాజరు పట్టీ వంటిది మొదటిది. పట్టీలో పేరు ఉన్నంతమాత్రాన పిల్లవాడు తరగతిలో ఉన్నట్టు కాదు. ఎఫ్.ఎస్.సి.కె. అనే ఆజ్ఞతో హాజరు తీస్తే, ప్రతులు తగ్గిన ముక్కలు ఏవో, ఒక్క మంచి ప్రతీ మిగలనివి ఏవో విడివిడిగా చెబుతుంది. మొదటి రకానికి భయం లేదు, మిగిలిన ప్రతినుంచి యంత్రమే కొత్త ప్రతి తీసుకొంటుంది. రెండో రకానికి మాత్రం ముక్క ఉన్న యంత్రం ఆగిపోయిందా అని ముందు చూడాలి. లేవని పిల్లవాడి పేరు కొట్టివేసే ముందు, బస్సు వచ్చిందో లేదో కనుక్కోవద్దా?

ప్రతి వేరు, భద్రత వేరు

1973 జూలై 12న సెంట్ లూయిస్ నగరం దగ్గర సైనికుల రికార్డులు ఉంచిన భవనం తగలబడింది. 1 కోటి 60 లక్షలకూ 1 కోటి 80 లక్షలకూ మధ్య దస్త్రాలు పోయినవి. వాటికి వేరే ప్రతులు లేవు. ఒకే చోట ఉంచితే ఏమవుతుందో అది చెబుతుంది.

1998లో పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 అనే చిత్రం తయారవుతుండగా ఎవరో పొరపాటున తీసివేత ఆజ్ఞ ఇచ్చారు. బొమ్మల ఫైళ్ళు కళ్ళ ముందే మాయమయినవి. బ్యాకప్పు సరిగా పని చేయడం లేదని అప్పుడే తెలిసింది. సాంకేతిక నిపుణురాలు గాలిన్ సస్‌మన్ గారు పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటినుంచి పని చేస్తూ ఇంట్లో ఒక ప్రతి ఉంచుకొన్నారు. అదే వారిని ఆదుకొన్నది. ఆ ప్రతి అద్దం కాదు. తీసివేత ఆజ్ఞ చేరని చోట విడిగా ఉన్నది.

మన తెలుగు పుస్తకాల సంగతీ అంతే. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్‌లో ఉండి పది లక్షల పుస్తకాల పథకానికి ముందు నిలిచారు. భారత దేశంలో దానితో కలిసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది. తరువాత ఆ సైటు మూతబడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ వద్ద వేరే ప్రతి ఉండబట్టి ఆ పుస్తకాలెన్నో మనం నేటికీ చదువుకొంటున్నాం.

మన పదకొండు ఫైళ్ళు

ఇక అయిదో దారికి వద్దాం. మా శాక్రమెంటో సర్వరు డిస్కు అంతకు ముందు పాడయింది. కొత్తది వేసి, రెంటినీ మళ్ళీ కలిపినప్పుడు శాక్రమెంటోను ప్రధానమని వ్రాశాము. ఆ మధ్య కాలంలో హేవార్డ్‌లోని కుర్రవాళ్ళు పాత క్యాసెట్లు ఎక్కించారన్నది మాకు తట్టలేదు. యంత్రం శాక్రమెంటోను సత్యమనుకొని, హేవార్డ్‌లో మాత్రమే ఉన్నవాటిని పక్కకు నెట్టింది. తప్పు మాదే. ఆరో మెట్టులో, హేవార్డ్ సర్వరులోని ప్రీ ఎగ్జిస్టింగ్ అరలో పదకొండూ దొరికినవి. ఆ అమ్మగారి గొంతు మళ్ళీ విన్నాము. ఊరి పేరును ముగ్గురం తెలుగులో వ్రాసుకొని సరిచూసుకొన్నాము.

ఆ తరువాత మా సంఘం మూడు నియమాలు పెట్టుకొన్నది. ప్రతి నెలా రెండు చోట్లా ఫైళ్ళు లెక్కపెట్టి పుస్తకంలో వ్రాయడం. మూడో ప్రతిని సర్వర్లకు తగిలించకుండా వేరే ఇంట్లో ఉంచడం. సంవత్సరానికి రెండుసార్లు ఒక ఫైలును బ్యాకప్పునుంచి తిరిగి తెచ్చి వినడం. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్పును బ్యాకప్పు అనుకోరాదు.

ఫిజీ, మారిషస్, నాటాల్, మలయా, ఎక్కడినుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబమైనా మన పెద్దల పేర్లను ఒకసారి గుమాస్తాల కలం చెరిపింది. రెండోసారి మన అజాగ్రత్త చెరపకుండా చూసుకొందాం. ఈ సంచిక చదివిన వారం లోపల మీ సంఘంలో ఎవరైనా ఒకరు దాగిన అరలు తెరిచి చూస్తే మేలు. ఎవరి గొంతు అక్కడ ఎదురుచూస్తున్నదో ఎవరికి తెలుసు!