గోడ మీద ఎర్ర గీత పడితే ఇల్లు పోయినట్టేనా?
రోడ్డు పనులపై అపోహలు – వాస్తవాలు

2008 మార్చిలో కొత్త విమానాశ్రయంలో విమానాలు దిగడం మొదలైన నాటి నుంచి శంషాబాద్ రోడ్లు మారుతూనే ఉన్నాయి. బెంగళూరు హైవేపై ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా ఆరు వరుసల విస్తరణ చేపట్టారు. లోపలి కాలనీల్లోనూ పాత రోడ్లు తవ్వి సీసీ రోడ్లు వేస్తున్నారు. పని మొదలైందంటే చాలు, పుకార్లు బయల్దేరతాయి. ఇల్లు, దుకాణం, బతుకుదెరువు ముడిపడి ఉన్నప్పుడు జనం భయపడటంలో తప్పు లేదు. కానీ అడగాల్సిన చోట ఊరుకుని, అక్కర్లేని చోట గొడవ పడితే నష్టపోయేది మనమే.

అపోహ: గోడ మీద ఎర్ర గీత గీశారంటే ఇక కూల్చేయడమే. చేసేదేమీ లేదు.

వాస్తవం: రోడ్డు ఎంతవరకు రావచ్చో సర్వేవాళ్లు పెట్టుకునే గుర్తే ఆ గీత. దానితోనే మీ పట్టా స్థలం ప్రభుత్వానిది అయిపోదు. జాతీయ రహదారికి భూమి కావాలంటే 1956 చట్టం ప్రకారం నోటిఫికేషన్ ఇవ్వాలి. దాని సారాంశాన్ని స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, ప్రకటించాలి. నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అధికారి మీ వాదన విని తీరాలి. గీత చూసి కుంగిపోయి కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

అపోహ: రోడ్డుకు పోయిన జాగాకు పైసా రాదు.

వాస్తవం: 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్కలు 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తున్నాయి. అందులో లెక్కగట్టిన పరిహారంపై నూటికి నూరు శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది. నగర రోడ్ల విస్తరణలో డబ్బుకు బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) పత్రం కూడా ఇస్తుంటారు. దాన్ని సొంత కట్టడానికి వాడుకోవచ్చు, బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. అయితే అది చేతికొచ్చే నగదు కాదు కాబట్టి, మార్కెట్‌లో ఎంతకు పోతుందో కనుక్కున్నాకే సంతకం పెట్టండి. ఇంకో మాట. డాక్యుమెంట్ హద్దు దాటి ప్రభుత్వ రోడ్డు మీదికి ముందుకు జరిపి కట్టిన మెట్లు, షెడ్డు కింది జాగాకు భూమి పరిహారం ఆశించకండి.

అపోహ: రోడ్డు ఎంత ఎత్తు లేపితే అంత మంచిది. నీళ్లు నిలవవు.

వాస్తవం: నీళ్లు రోడ్డు మీద నిలవకపోతే మీ వాకిట్లో నిలుస్తాయి. పాత రోడ్డును తీయకుండా దాని మీదే ఇంకో పొర వేసుకుంటూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగాల్సి వస్తుంది. గేటు కింది సందులోంచి వాననీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. 2020 అక్టోబర్ వానలకు అప్ప చెరువు తెగినప్పుడు గగన్‌పహాడ్ దగ్గర అంత పెద్ద హైవే కూడా కోసుకుపోయింది, మనుషులు కొట్టుకుపోయారు. నీటి దారి మూసుకుపోతే ఏ రోడ్డూ నిలవదని ఆ వరద చెప్పింది. అందుకే పని మొదలయ్యే ముందే రెండు ప్రశ్నలు అడగాలి: పాత పొర తీస్తారా? వరద కాల్వ ఎటు పోయి ఏ నాలాలో కలుస్తుంది? మనం గట్టిగా పట్టుబట్టాల్సింది ఇక్కడే.

అపోహ: రోడ్డు పోసి వారమైంది. బండ్లు వదలకపోవడం కాంట్రాక్టర్ బద్ధకమే.

వాస్తవం: కాంక్రీట్ ఆరిపోయి గట్టిపడదు. సిమెంటుకు, నీటికి మధ్య జరిగే రసాయన చర్యతో గట్టిపడుతుంది. ఏడు రోజులకు సుమారు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. పూర్తి బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. ఆ చర్యకు నీరు అందేలా పరిచిన గోనె పట్టాలు ఎండిపోతే ఫిర్యాదు చేయండి, తడిగా ఉంటే ఓపిక పట్టండి. బారికేడ్ జరిపి బండి తోలితే చెడేది మన రోడ్డే.

అపోహ: రోడ్డు పక్క తోపుడు బండ్లవాళ్లకు ఏ హక్కూ లేదు.

వాస్తవం: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి వ్యాపార ధ్రువపత్రం ఇచ్చే దాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. తర్వాత వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

అపోహ: సామాన్యులకు లెక్కలు ఎవరు చూపిస్తారు?

వాస్తవం: చూపించాలని చట్టమే చెబుతోంది. ఎస్టిమేటు, డ్రాయింగు, పని గడువు, లోపాలొస్తే కాంట్రాక్టర్ బాధ్యత ఎన్నేళ్లు అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడుతున్న మెటీరియల్ నమూనా తీసుకునే హక్కు కూడా 2005 నాటి ఆ చట్టంలోనే ఉన్నాయి. కాకపోతే దరఖాస్తు సరైన ఆఫీసుకు వెళ్లాలి. హైవే అయితే జాతీయ రహదారుల సంస్థ, కాలనీ రోడ్డయితే నగర పాలక సంస్థ.

కాలనీ సంఘం తరఫున ఒక దరఖాస్తు రాయండి. మొదటి లోడు కంకర దిగక ముందే రాయండి. కాగితం మీద లెవెల్ మార్చడం తేలిక, పోసిన కాంక్రీటును పగలగొట్టించడం ఎవరి తరమూ కాదు.