డిజిటల్ ఛాయాచిత్రాల్లో హాట్, స్టక్ పిక్సెల్ దోషాలు: గుర్తింపు – సవరణ

వ్యాససంగ్రహం: శాసనాలను, తాళపత్రాలను డిజిటల్ కెమెరాతో చిత్రించినప్పుడు సెన్సర్‌లోని దోషబిందువు అక్షరంలో భాగంగా భ్రమ కలిగించవచ్చు. ఆ బిందువు పుట్టుకను, దానిని గుర్తించే పద్ధతిని, సవరణలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సెన్సర్, హాట్ పిక్సెల్, స్టక్ పిక్సెల్, డార్క్ ఫ్రేమ్, శాసన ప్రతిబింబం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పున తార్నాక నుంచి ఉప్పల్ దాకా సాగే దారి వెంట చిత్రంతో పని ఉన్న సంస్థలు అనేకం. 1977లో ఏర్పడిన సీసీఎంబీ హబ్సిగూడ వద్ద, సర్వే ఆఫ్ ఇండియా ఉప్పల్‌లో ఉన్నాయి. పక్కనే నాచారంలో నందమూరి తారకరామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో ఉంది. సూక్ష్మదర్శిని చిత్రమైనా, వైమానిక ఛాయాచిత్రమైనా, సినిమా అయినా ఫిలిం మీద ఉన్న కాలంలో మచ్చ స్వభావం వేరు. ఫిలింలో ప్రతి ఫ్రేమూ కొత్త రసాయనపు పూతే. ధూళికణం ఒక ఫ్రేమును పాడుచేసినా, సెకనుకు 24 ఫ్రేములు నడిచే తెరపై అది క్షణకాలం మెరిసి పోయేది. డిజిటల్ కెమెరాలో అన్ని చిత్రాలకూ ఫలకం ఒక్కటే. అందులో ఒక గడి చెడితే ప్రతి చిత్రంలోనూ అదే చోట మచ్చ పడుతుంది. చిక్కు ఈ స్థిరత్వంలోనే ఉంది. దోషాన్ని పట్టిచ్చే ఆధారమూ అదే.

2. దోషం పుట్టుక

సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ కాంతి తాకిడికి విడుదలైన ఎలక్ట్రాన్లను కూడబెడుతుంది. అయితే ఎలక్ట్రాన్లు వేడికి కూడా విడుదలవుతాయి. చీకటిలోనూ ప్రవహించే ఈ స్రావం సిలికాన్ నిర్మాణంలో లోపమున్న గడిలో అధికం. ఎక్స్‌పోజర్ పెరిగేకొద్దీ అటువంటి గడి వెలుగు చుక్కగా బయటపడుతుంది. అది హాట్ పిక్సెల్. ఎక్స్‌పోజర్‌తో నిమిత్తం లేకుండా ఎప్పుడూ వెలిగి ఉండేది స్టక్ పిక్సెల్, ఎప్పుడూ నల్లగా ఉండేది డెడ్ పిక్సెల్.

ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఈ స్రావం రెట్టింపవుతుంది. ఉప్పల్‌లో మే నెల పగలు 40 డిగ్రీలు, శీతకాలపు రాత్రి 16 డిగ్రీలు అనుకుంటే తేడా 24. అంటే అదే కెమెరాలో అదే గడి ఎండాకాలంలో 8 నుంచి 16 రెట్లు ఎక్కువ స్రవిస్తుంది. జనవరిలో నిర్దోషంగా కనిపించిన కెమెరా మేలో చుక్కలు చూపడానికి కారణమిదే. ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినులకు అమర్చే కెమెరాలను శీతలీకరించేదీ ఇందుకే. అక్కడ మసక వెలుగు చుక్కే పరిశోధనాఫలితం కాగలదు.

3. అక్షరంపై ప్రభావం

తెలుగు పరిశోధకుని చిక్కు కూడా ఇటువంటిదే. బ్రాహ్మీ లిపిలో వట్టి వృత్తం ‘ఠ’, నడుమ బిందువున్న వృత్తం ‘థ’. అక్షరం పక్కన బిందువు అనుస్వారం. సిరా అద్ది తీసిన శాసన ప్రతిబింబంలో నేల నల్లగా, అక్షరం తెల్లగా ఉంటుంది గనుక సెన్సర్‌లోని వెలుగు చుక్క అక్షరపు రంగులోనే కనిపిస్తుంది. పెద్ద చిత్రంలో ఒక్క పిక్సెల్ లెక్కలోనికి రాదన్న వాదన పాక్షికంగానే నిజం. శాసనమంతా ఒకే చిత్రంలో ఇమిడ్చినప్పుడు ఒక్కో అక్షరానికి పది, పదిహేను పిక్సెళ్లే దక్కవచ్చు. పైగా ఒక్కో గడి ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒకదానినే గ్రహిస్తుంది. మిగిలిన రంగులను పొరుగు గడుల నుంచి లెక్కగట్టేటప్పుడు దోషం చుట్టుపక్కలకు పాకుతుంది. ఆ చుక్క తరచు రంగుతో కనిపించడం ఒక మేలు. నలుపు తెలుపు ప్రతిబింబంలో ఎర్రని బిందువు శాసనానిది కాదని వెంటనే తెలుస్తుంది. కాబట్టి చిత్రాన్ని మొదటే నలుపు తెలుపుల్లోకి మార్చి భద్రపరచడం ఆధారాన్ని చేతులారా చెరిపివేయడమే.

4. గుర్తింపు, సవరణ

కెమెరాను కొద్దిగా జరిపి రెండో చిత్రం తీయడం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. శాసనంలోని బిందువు అక్షరంతోపాటు జరుగుతుంది. సెన్సర్‌ది ఉన్నచోటనే ఉంటుంది. ఈ యుక్తి కొత్తది కాదు. 1887లో పారిస్‌లో రూపుదిద్దుకొన్న అంతర్జాతీయ ఆకాశపట ప్రణాళికలో పటాల ప్లేట్లపై ఒకే నక్షత్రాన్ని కొద్దిపాటి జరుపుతో మూడుసార్లు నమోదు చేసేవారు. చిన్న త్రిభుజం ఏర్పడితే నక్షత్రం, ఒంటి చుక్క అయితే ప్లేటు మచ్చ. ఆ ప్రణాళికలోని నక్షత్ర సూచికకు హైదరాబాదు నిజామియా వేధశాల −17 నుంచి −23 డిగ్రీల మండలాన్ని చేపట్టింది.

రెండో పద్ధతి డార్క్ ఫ్రేమ్. లెన్సు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో, అదే ఐఎస్‌వోతో, అదే వేడిలో మరొక చిత్రం తీసి అసలు చిత్రం నుంచి తీసివేయాలి. మిట్టమధ్యాహ్నం గుడి ఆవరణలో తీసిన చిత్రాలకు సాయంత్రం ఏసీ గదిలో తీసిన డార్క్ ఫ్రేమ్ సరిపోదు. అనేక కెమెరాల్లో దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు ఈ పనిని తనంతట తానే చేస్తుంది. అప్పుడు 30 సెకన్ల చిత్రానికి 60 సెకన్లు పడుతుంది.

మూడోది పిక్సెల్ మ్యాపింగ్. ఒలింపస్ వంటి కొన్ని కెమెరాల మెనూలోనే ఈ సదుపాయం ఉంది. మెనూలో లేనివాటికి సర్వీస్ సెంటరే దిక్కు. దోషమున్న గడి విలువను పక్కనపెట్టి పొరుగు గడుల విలువల ఆధారంగా కొత్తది పూరించడమే ఇందులో జరిగేది. పాఠపరిష్కరణ పరిభాషలో ఇది ప్రతిలో ఉన్న పాఠం కాదు, పరిష్కర్త ఊహించి పూరించిన పాఠం. చిత్రకళకు అది చాలు. శాసనపాఠ నిర్ణయానికి మాత్రం రా ఫైలును, డార్క్ ఫ్రేమును జతగా భద్రపరచడం అవసరం. మ్యాపింగ్ చేయించడానికి ముందే పాత స్థితిలో ఒక డార్క్ ఫ్రేమ్ తీసి ఉంచుకోవాలి. మ్యాపింగ్ జరిగాక దోషపు గడి ఏదో ఆ కెమెరా ఇక చూపదు. అంతకుముందు తీసిన వందల చిత్రాల్లో అదే చోట ఉన్న చుక్కను పరీక్షించడానికి వేరే సాక్ష్యం దొరకడం కష్టం.