సెప్టిక్ ట్యాంకు మూత తీసే ముందు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంత వానలకు భూమిలో నీరు పైకొచ్చి ట్యాంకు మురుగు బావిలో కలిసే ప్రమాదం ఉంది. మా అడవి అంచు ఊళ్లలో బావి, బోరే దిక్కు. అందుకే నేను ఏటా ఎండాకాలంలోనే చూసుకుంటా.

మూత తీసి కాసేపు దూరంగా ఉంటా, బీడీ నిప్పు కూడా దగ్గరికి రానివ్వను. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దించితే మడ్డి ఎంతవరకు ఉందో నల్లగా అంటుకుని తెలుస్తుంది. లోతులో మూడోవంతుకు వస్తే ట్యాంకరు పిలవాల్సిందే.

యాసిడ్, ఫినాయిల్ గుమ్మరించకండి. జీవామృతంలో లాగే అక్కడా పనిచేసేది సూక్ష్మజీవులే. పచ్చి మడ్డిని కూరగాయల మడుల్లో వేయొద్దు, నులిపురుగుల గుడ్లుంటాయి.

మనిషిని మాత్రం లోపలికి దించకండి. విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ లేకుండా దింపితే 2013 చట్టం ప్రకారం నేరం కూడా.