అభియోగ పత్రం అందిన రోజు

ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేయడం నా వృత్తి. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంకాలం మా వీధిలో ఉండే గుమాస్తా ఒకరు గోధుమరంగు కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి. "మాస్టారూ, నాలుగుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గాని అర్థం బుర్రకెక్కడం లేదు. కాస్త తెలుగులో చెప్పండి" అన్నారు.

అది అభియోగ పత్రం. ఉద్యోగులు వాడుకలో ఛార్జి మెమో అంటారు. పది రోజులలోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలెనని అందులో ఉన్నది. నేను చదివి చెప్పగానే ఆయన, "రేపే వెళ్ళి క్షమాపణ రాసి ఇచ్చేస్తాను. పొరపాటయిందంటే సరిపోతుంది కదా" అన్నారు. నాకు కూడా అదే ఉచితమనిపించింది. భాష తెలిసినంత మాత్రాన చట్టం తెలిసినట్లు కాదని నాకు మరునాడు బోధపడింది.

ఆయనకు తోడుగా ఉద్యోగ సంఘం కార్యాలయానికి వెళ్ళాను. ఇనుప బీరువా నిండా నిబంధనల సంపుటాలు. సంఘం కార్యదర్శి కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. తప్పు చేశారా లేదా అని అడగలేదు. "ఇది మీ చేతికి అందిన తేదీ ఏది?" అని అడిగారు. ఆ తరువాత, "క్షమాపణ రాశారంటే అభియోగం ఒప్పుకున్నట్లే. ఒప్పుకున్నదానికి ఇక సాక్ష్యంతో పనిలేదు. ముందు గడువు చూసుకుందాం, పిమ్మట పత్రాలు, ఆపైన సమాధానం" అన్నారు.

ఆ మాటల వెనుక రాజ్యాంగమే ఉన్నది. ప్రభుత్వోద్యోగి రాష్ట్రపతి లేదా గవర్నరు అభీష్టం మేరకు పదవిలో ఉంటాడని 310వ అధికరణం చెబుతున్నది. ఇంగ్లండు రాజరికం నుంచి మనకు సంక్రమించిన సూత్రమిది. అయితే ఆ వెంటనే వచ్చే 311వ అధికరణం ఈ అభీష్టానికి కళ్ళెం వేసింది. నియమించిన అధికారికన్న దిగువస్థాయి వారు ఉద్యోగిని తొలగించరాదు. అభియోగాలు తెలిపి, విచారణ జరిపి, తన వాదం చెప్పుకునే సముచితావకాశం ఇవ్వనిదే బర్తరఫు గాని, తొలగింపు గాని, హోదా తగ్గింపు గాని చెల్లదు. దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి: క్రిమినల్ కేసులో శిక్ష పడడానికి కారణమైన ప్రవర్తన, విచారణ ఆచరణసాధ్యం కాని పరిస్థితి, దేశ భద్రత. 1985లో సుప్రీంకోర్టు వీటిని సమర్థించింది. కాని విచారణ సాధ్యం కాదన్న కారణాన్ని అధికారి రాసి ఉంచవలసిందే. దానిని న్యాయస్థానం పరిశీలించవచ్చు.

ఈ రక్షణ నిత్యజీవితంలో ఎలా అమలవుతుందో కేంద్రోద్యోగులకు 1965 నాటి నిబంధనలు, తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు 1991 నాటి నిబంధనలు తెలుపుతాయి. పెద్ద శిక్షకు దారితీసే కేసులో అభియోగంతో పాటు వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఇవ్వాలి. ఆ పత్రాలను ఉద్యోగి చూడవచ్చు. సాక్షులను ప్రశ్నించవచ్చు, తన సాక్షులను పిలిపించుకోవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం న్యాయవాదికి సాధారణంగా అక్కడ ప్రవేశం లేదు. ప్రభుత్వం తరఫున వాదించే అధికారి న్యాయవాది అయినప్పుడో, పై అధికారి అనుమతించినప్పుడో మాత్రమే వీలవుతుంది. అందుచేత ఉద్యోగి పక్కన కూర్చునేది తోటి ఉద్యోగి, లేదా పదవీ విరమణ చేసిన ఉద్యోగి. ఎక్కువగా సంఘం మనిషే.

ఆ మనిషికి తెలిసి ఉండవలసిన తీర్పులు కొన్ని ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో ఒక అటవీ రేంజరును సస్పెండు చేశారు. జీవనాధార భృతి చెల్లించలేదు. ఆయన ఉంటున్న ఊరికి సుమారు 500 కిలోమీటర్ల దూరాన విచారణ పెట్టారు. చేతిలో డబ్బులేక ఆయన వెళ్ళలేకపోయారు. ఆయన లేకుండానే విచారణ ముగించి బర్తరఫు చేశారు. ఇది సముచితావకాశం కాదని 1973లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. విచారణ నివేదిక ప్రతిని, శిక్ష నిర్ణయించక ముందే, ఉద్యోగికి ఇవ్వాలన్నది 1993 నాటి తీర్పు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కక్షిగా ఉన్న కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాట చెప్పింది. అభియోగ పత్రం ఇవ్వకుండా సస్పెన్షనును మూడు నెలలకు మించి సాగదీయరాదని 2015లో మరొక తీర్పు వచ్చింది.

శిక్ష పడిన తరువాత కూడా తేదీలదే పెత్తనం. కేంద్రోద్యోగి 45 రోజులలోగా అప్పీలు చేసుకోవాలి. అక్కడ న్యాయం జరగకపోతే, తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టుకు వెళ్ళే దారిని 1997లో సుప్రీంకోర్టు తెరిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి రాష్ట్ర ట్రిబ్యునల్ నేడు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగులూ హైకోర్టుకే వెళ్ళాలి. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం ఇచ్చినదే కాని, సమ్మె చేసే హక్కు ప్రభుత్వోద్యోగులకు లేదని 2003లో సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి ఒంటరి ఉద్యోగిని ఆదుకునేది సంఘం వారి బీరువాలోని పుస్తకాలూ, గోడమీది కాలెండరూ.

మా వీధి గుమాస్తాగారి విచారణ ఏడాదికి పైగా సాగింది. మూడు అభియోగాలలో ఒకటి రుజువయింది. ఆయన పొరపాటు చేసిన మాట నిజమే. దానికి తగినట్లు ఒక ఇంక్రిమెంటు ఆపారు. చేయనివాటికి శిక్ష పడలేదు. ఉద్యోగం నిలిచింది. మొదటిరోజు క్షమాపణ రాసి ఇచ్చి ఉంటే, ఆ మూడూ ఆయన నెత్తినే పడి ఉండేవి.

తరువాత సంఘం వారు కోరగా విచారణ నిబంధనల సారాంశాన్ని తెలుగులో ఒక పేజీకి కుదించి ఇచ్చాను. బీరువా తలుపుకు అంటించారు. నేను చేసిన అనువాదాలలో అతి చిన్నది అదే. అందులో మొదటి వాక్యం కార్యదర్శిగారు చెప్పి రాయించినది: కాగితం తీసుకోగానే, అది అందిన తేదీ వేసుకోండి.